ఎయిర్‌పోర్టు నుంచి కొండ మీది రిసార్టుకు ప్రైవేటు షటిల్ ఎలా బుక్ చేసుకోవాలి?

కొండ మీది రిసార్టుకు షటిల్, అంటే ఎయిర్‌పోర్టు నుంచి అక్కడి దాకా తీసుకెళ్లే బండి, మాట్లాడుకోవడం ఊళ్లో క్యాబ్ పిలిచినంత తేలిక కాదు. రెండు మూడు గంటల ఘాట్ రోడ్డు, మంచు, పొడవాటి స్కీ బ్యాగులు (మంచు మీద జారే పలకలు పెట్టుకునే సంచులు), చీకటి పడ్డాక ఎవరూ కనిపించని వీధులు. వీటన్నిటి మధ్యా డ్రైవరుకు మీ గురించి తెలిసేది ఒక్కటే: బుకింగ్ ఫారంలో మీరు రాసినది. అందులో రాయనిది అతని బండిలో ఉండదు. పిల్లల సీటు కావచ్చు, అయిదో పెట్టె పట్టే చోటు కావచ్చు. అందుకే ఫారం నింపే పది నిమిషాలూ జాగ్రత్తగా ఉండాలి.

విమానం టికెట్ కొనకముందే

షటిల్ గురించి ఆలోచించాల్సింది విమానం టికెట్ కొనేటప్పుడే. చాలా రిసార్టులకు రెండు మూడు ఎయిర్‌పోర్టులు అందుబాటులో ఉంటాయి. ఉదాహరణకు అమెరికాలో కొలరాడోలోని వెయిల్‌కు డెన్వర్ ఎయిర్‌పోర్టు నుంచి దాదాపు 190 కిలోమీటర్లు. ఈగిల్ కౌంటీ ఎయిర్‌పోర్టు నుంచైతే దాదాపు 55 కిలోమీటర్లే. చిన్న ఎయిర్‌పోర్టుకు టికెట్ ధర ఎక్కువే ఉండొచ్చు, కానీ షటిల్ ఖర్చు, రోడ్డు మీద పోయే గంటలు కలిపి చూస్తే లెక్క మారిపోతుంది. ఇంకో కోణమూ ఉంది. కొండల మధ్య ఉండే చిన్న ఎయిర్‌పోర్టులో వాతావరణం బాగోకపోతే విమానాన్ని వేరే ఊళ్లో దించేస్తారు. అలా జరిగితే షటిల్ సంస్థ ఏం చేస్తుందో ముందే అడిగి పెట్టుకోండి.

దిగే వేళ కూడా చూసుకోండి. రాత్రి పదింటికి దిగితే రిసార్టు చేరేసరికి ఒంటిగంట, రెండు అవుతుంది. అప్పటికి రిసెప్షన్ మూసేసి ఉండొచ్చు. వారం రోజులూ ఒకేలా ఉండవు. ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్‌లో అద్దె ఇళ్లు ఎక్కువగా శనివారం నుంచి శనివారం దాకా ఇస్తారు. కాబట్టి సీజన్‌లో శనివారం పొద్దున పైకి వెళ్లేవాళ్లూ కిందికి వచ్చేవాళ్లూ ఒకే రోడ్డు మీద కలుస్తారు. వీలుంటే శనివారం కాకుండా వేరే రోజు పెట్టుకోండి. శనివారమే తప్పదంటే, షటిల్ బుకింగ్ నెలల ముందే చేసుకోండి.

ప్రైవేటా, షేరింగా?

షేరింగ్ షటిల్‌లో తలకింత అని తీసుకుంటారు. మిగతా ప్రయాణికుల కోసం ఆగాలి, దారిలో వాళ్లందరినీ దించాలి. ప్రైవేటు బండికి మొత్తానికి ఒకే ధర. ఇద్దరు ఉంటే షేరింగ్ చవక. నలుగురు దాటితే రెండిటి ధరా పక్కపక్కన పెట్టి చూడండి, తేడా చాలాసార్లు మీరు అనుకున్నంత ఉండదు. చిన్న పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే, లేదా విమానం ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువగా ఉంటే ప్రైవేటుకే వెళ్లండి. షేరింగ్ బండి మీ ఒక్కరి కోసం ఆగదు.

ధర చూసేటప్పుడు అది బండికా, మనిషికా, ఒకవైపుకా, రానూపోనూనా అని చూసుకోండి. వెబ్‌సైట్లు కొన్ని మనిషికింత అని చూపించి, కనీసం నలుగురు ఉండాలన్న షరతు కింద చిన్న అక్షరాల్లో పెడతాయి.

బండిలో మనుషులు పడతారు, సామాను పట్టదు

ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. 'ఎనిమిది సీట్ల వ్యాన్' అంటే ఎనిమిది మంది కూర్చోగలరు అని మాత్రమే అర్థం. ఎనిమిది మంది కూర్చున్నాక వెనక మిగిలే చోటు చాలా తక్కువ. మామూలు పొడవు వ్యాన్ అయితే ఎనిమిది పెద్ద సూట్‌కేసులు పట్టవు. పొడవు వెర్షన్ వ్యాన్‌లో చాలామటుకు పడతాయి. స్కీ బ్యాగులు ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. ఒక్కోటి 170 నుంచి 190 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వాటిని నిలబెట్టలేరు, అడ్డంగానూ పెట్టలేరు. సీట్ల కింద నుంచో, పక్క నుంచో పొడుగ్గా పోనివ్వాలి, లేదా పైన బాక్స్ ఉండాలి.

అందుకే ఫారంలో 'సామాను: 6' అని రాసి వదిలేయకండి. ఇలా రాయండి: పెద్ద సూట్‌కేసులు 4, చేతి సంచులు 6, స్కీ బ్యాగులు 2, ఒక్కోటి 185 సెంటీమీటర్లు, మడిచే పిల్లల బండి 1. ఇంట్లో టేపు పెట్టి కొలిస్తే అయిదు నిమిషాల పని. ఆరుగురు ఉండి అందరికీ స్కీ బ్యాగులు ఉంటే ఎనిమిది సీట్ల బండే అడగండి. సీట్లు రెండు ఖాళీగా పోతున్నాయని బాధపడాల్సిన పనిలేదు, ఆ చోటు సామానుదే. సామాను పట్టక ఎయిర్‌పోర్టు దగ్గర రెండో బండి పిలవాల్సి వస్తే ఆ ఖర్చు మీదే. సీజన్‌లో అప్పటికప్పుడు బండి దొరకడమే గగనం.

తేదీ, సమయం, ఫ్లైట్ నంబరు

బుకింగ్‌లో 'మధ్యాహ్నం మూడింటికి దిగుతాం' అని మాత్రమే రాస్తే డ్రైవరు మూడింటికి వస్తాడు. మీ విమానం రెండు గంటలు ఆలస్యమైతే అది అతనికి తెలిసే దారే లేదు. ఫ్లైట్ నంబరు ఇస్తే అది ఎప్పుడు దిగుతోందో సంస్థ చూస్తూ ఉంటుంది. మధ్యలో విమానం మారేవాళ్లు చివరి విమానం నంబరు ఇవ్వాలి, ఇంట్లో ఎక్కేది కాదు. టికెట్ మీద రెండు నంబర్లు ఉంటే, నిజంగా విమానం నడిపే సంస్థ నంబరు రాయండి. ఎయిర్‌పోర్టు బోర్డు మీద తేలిగ్గా దొరికేది అదే.

అర్ధరాత్రి దాటాక దిగే విమానాలతో మరీ జాగ్రత్త. మీ టికెట్‌లో 12వ తేదీ రాత్రి 00.30 అని ఉందనుకోండి. మన నోటికి అది '11వ తేదీ రాత్రి'. కానీ ఫారంలో 11 అని పెడితే బండి ఒక రోజు ముందే వచ్చి వెళ్లిపోతుంది. డబ్బూ పోతుంది. టికెట్‌లో ఉన్న తేదీనే, 24 గంటల లెక్కలోనే రాయండి. సమయం ఎప్పుడూ దిగే ఊరిదే.

గుంపులో కొందరు వేరే విమానంలో వస్తుంటే రెండు నంబర్లూ ఇచ్చి, ఆఖరున దిగేది ఏదో చెప్పండి. ఉచితంగా ఎంతసేపు ఆగుతారు, ఆ లెక్క ఏ విమానం దిగినప్పటి నుంచి మొదలవుతుంది అని అడగండి. ఎయిర్‌పోర్టులో గంట దాకా ఉచితంగా ఆగే సంస్థలు చాలానే ఉన్నాయి, కానీ ఆ గంట విమానం దిగినప్పటి నుంచా, మీరు బుక్ చేసిన సమయం నుంచా అన్నది తేలాలి. విదేశం నుంచి వస్తే పాస్‌పోర్టు క్యూ, సామాను బెల్టు కలిపి గంట సులువుగా పడుతుంది.

జెనీవా ఎయిర్‌పోర్టులో దిగేవాళ్లకు ఇంకో మాట. అక్కడ స్విట్జర్లాండ్ వైపు, ఫ్రాన్స్ వైపు వేర్వేరు బయటి ద్వారాలు ఉన్నాయి. బాసెల్‌కు దగ్గరున్న యూరో ఎయిర్‌పోర్టు కూడా అంతే. డ్రైవరు ఏ వైపు ఆగుతాడో బుకింగ్ నిర్ధారణలో స్పష్టంగా ఉండాలి.

రిసార్టు పేరు చాలదు, భవనం పేరు కావాలి

ఒకే పేరుతో నాలుగైదు ఊళ్లు ఉండటం కొండల్లో మామూలే. ఫ్రాన్స్‌లోని కోర్షవెల్ ఒక్క ఊరు కాదు. ల ప్రాజ్, విలేజ్, మోరియోన్ అని వేర్వేరు ఎత్తుల్లో ఉన్న బస్తీలు ఆ పేరు కిందే ఉన్నాయి. వాటి పాత పేర్ల వెనక కనిపించే 1300, 1550, 1650, 1850 వంటి అంకెలు మీటర్లలో ఎత్తును సుమారుగా మాత్రమే చెబుతాయి. ల ప్లాన్యి రిసార్టులోనూ ఇలాంటి బస్తీలు పదికి పైనే. 'కోర్షవెల్‌లో దించండి' అంటే డ్రైవరు తనకు తోచిన చోటికి తీసుకెళ్తాడు.

పూర్తి చిరునామా, భవనం పేరు, తాళం తీసుకునే చోటు, ఇంటి యజమాని ఫోన్ నంబరు రాయండి. తాళం ఒక చోట, ఇల్లు మరో చోట అయితే రెండు చోట్లా ఆగాలని చెప్పండి, లేకపోతే రెండో చోటికి అదనంగా అడగొచ్చు. మ్యాప్‌లో పిన్ పెట్టి ఆ లింకు కూడా పంపండి.

కార్లు రానివ్వని ఊళ్లు కూడా ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కు ఏ షటిలూ వెళ్లదు. టేష్ అనే ఊరి దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి షటిల్ రైల్లో 12 నిమిషాలు. ఫ్రాన్స్‌లోని అవోరియాజ్‌లో ఊరి గుమ్మం దగ్గరే దించేస్తారు, అక్కడి నుంచి లోపలికి గుర్రపు స్లెడ్జ్‌లో కానీ మంచు బండిలో కానీ వెళ్లాలి. అలాంటి చోటికి వెళ్తుంటే ఆఖరి రైలు, ఆఖరి రవాణా ఎప్పుడో ముందే చూసి, దాన్నిబట్టే విమానం ఎంచుకోండి.

పిల్లల సీట్లు

'ఇద్దరు పిల్లలు, సీట్లు కావాలి' అని రాస్తే సరిపోదు. ఒక్కొక్కరి వయసు, బరువు, ఎత్తు రాయండి. తొమ్మిది నెలల బిడ్డకు వెనక్కి తిరిగి ఉండే సీటు కావాలి, ఆరేళ్ల పిల్లకు బూస్టర్ (కూర్చునే ఎత్తు పెంచే సీటు) చాలు. యూరప్‌లో చాలా దేశాల్లో 135 లేదా 150 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉన్న పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. కాబట్టి పదేళ్ల పిల్లవాడికీ అది వర్తించవచ్చు. సీట్ల సంఖ్య ఆఖరి నిర్ధారణ సందేశంలో కనిపించకపోతే వెంటనే మళ్లీ రాయండి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

టోల్, పార్కింగ్, రాత్రి ప్రయాణం, స్కీ సామాను, పిల్లల సీట్లు ధరలో కలిసి ఉన్నాయా? ఏ రోజు దాకా రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వస్తుంది? విమానమే రద్దయితే? మంచు వల్ల రోడ్డు మూసేస్తే చుట్టుదారి ఖర్చు ఎవరిది? ఈ నాలుగింటికీ జవాబు ఈమెయిల్లో రాతపూర్వకంగా రావాలి. ఫోన్‌లో చెప్పిన మాట రాత్రి పదకొండింటికి మంచులో పనికిరాదు.

సంస్థకు ప్రయాణికులను కిరాయికి తీసుకెళ్లే లైసెన్సు, ఆ పనికి సరిపడే బీమా ఉన్నాయా అని అడగండి. సొంత కారు బీమా కిరాయి ప్రయాణానికి సాధారణంగా వర్తించదు. ప్రమాదం జరిగితే అది మీ మెడకే చుట్టుకుంటుంది. చలికాలం టైర్ల సంగతీ అడగండి. కొలరాడోలో ఐ-70 హైవే మీద డోట్సెరో, మోరిసన్ మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా బండికి తగిన టైర్లో, మంచులో జారకుండా టైర్లకు చుట్టే గొలుసుల వంటి సాధనాలో ఉండాలి. ఫ్రాన్స్‌లో గుర్తించిన కొండ ప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా అలాంటి నియమమే ఉంది. మంచి సంస్థ ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబిస్తుంది. తడబడితే ఇంకో సంస్థను చూసుకోండి.

దిగిన రోజు

బుకింగ్ నిర్ధారణను, డ్రైవరు నంబరును స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో పెట్టుకోండి. దిగిన చోట ఇంటర్నెట్ వెంటనే పట్టకపోవచ్చు. దిగగానే 'దిగాం, సామాను కోసం ఆగాం' అని ఒక మెసేజ్ పంపండి. మీ సూట్‌కేసు రాకపోతే బయటికి వెళ్లకుండా ముందు విమాన సంస్థ సామాను కౌంటర్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి, రిసార్టు చిరునామా అక్కడ ఇవ్వండి. దానికి అరగంట పైనే పడుతుంది, కాబట్టి డ్రైవరుకు అప్పుడే చెప్పండి. లేకపోతే మీరు రాలేదనుకుని వెళ్లిపోతాడు.

హాల్లో 'రిసార్టుకా? రండి' అని పిలిచే వాళ్ల వెంట వెళ్లకండి. మీ డ్రైవరు చేతిలో మీ పేరున్న బోర్డు ఉంటుంది. మీరు దిగాల్సిన చోటు ఏదో అతన్నే చెప్పమనండి. చెప్పగలిగితే ఎక్కండి.

ఘాట్ రోడ్డులో కళ్లు తిరిగేవాళ్లను ముందు సీట్లోనో మధ్య వరుసలోనో కూర్చోబెట్టండి, వెనక వరుసలో వద్దు. మాత్ర వేసుకోవాలంటే మలుపులు మొదలైన తర్వాత కాదు, బయల్దేరే ముందే, డాక్టరో ఫార్మసిస్టో చెప్పినట్టు వేసుకోవాలి. డ్రైవరు గొలుసులు బిగించడానికి రోడ్డు పక్కన ఆపితే, అతను దిగమనకపోతే బండిలోనే ఉండండి.

తిరుగు ప్రయాణం వెనక నుంచి లెక్క కట్టండి

విమానం 14.00కి అనుకుందాం. విదేశీ ప్రయాణానికి రెండున్నర గంటల ముందు, అంటే 11.30కి ఎయిర్‌పోర్టులో ఉండాలి. మ్యాప్ రెండున్నర గంటలు చూపిస్తోంది, అంటే 9.00. మంచు, శనివారం రద్దీ కోసం ఇంకో గంట తీసేస్తే 8.00. సామాను ఎక్కించడానికి పావుగంట. బండి 7.45కి గుమ్మంలో ఉండాలి. మ్యాప్ చూపే సమయం పొడి రోడ్డుదని మర్చిపోకండి.

సంస్థ ఇంతకన్నా ముందు సమయం చెబితే ఒప్పుకోండి, ఆ రోడ్డు వాళ్లకు రోజూ తెలిసినది. ముందు రోజు సాయంత్రం డ్రైవరు నుంచి మెసేజ్ రావాలి. ఏడింటికీ రాకపోతే మీరే ఫోన్ చేయండి. రాత్రి మంచు బాగా పడితే వ్యాన్ మీ సందులోకి రాలేకపోవచ్చు. కాబట్టి పెద్ద రోడ్డు మీద ఎక్కడ ఆగుతుందో అదే ఫోన్‌లో మాట్లాడుకుని, పెట్టెలు అక్కడికి లాక్కెళ్లడానికి ఇంకో పదిహేను నిమిషాలు ముందే లేవండి.