మొహావీలో కాలిన నేల: మొక్క ఎందుకు నిలవడం లేదు, ఏం చేయాలి

2020 ఆగస్టులో పిడుగుతో మొదలైన డోమ్ ఫైర్ కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో ఉన్న మొహావీ నేషనల్ ప్రిజర్వ్ అనే రక్షిత ప్రాంతంలో 43 వేల ఎకరాలకు పైగా కాల్చేసింది. సుమారు 13 లక్షల జాషువా చెట్లు (కత్తుల్లాంటి ఆకులుండే ఎడారి చెట్లు) పోయాయని అంచనా. 2023లో వచ్చిన యార్క్ ఫైర్ ఇంకో 93 వేల ఎకరాలు తగలబెట్టి నెవాడాలోకి దాటింది. ఎడారి పొదలు మంటలకి అలవాటు పడినవి కావు. అందుకే ఇక్కడ కాలిన చోట మళ్ళీ మొక్కలు పెంచే పని చెడినప్పుడు ఇంకో బస్తా విత్తనం తెచ్చి చల్లేస్తే డబ్బు దండగ. ఎందుకు చెడిందో ముందు తేల్చుకోవాలి. ఇంకో మాట: ప్రభుత్వ భూమిలో సొంతంగా విత్తనాలు ఏరడం, నాటడం కుదరదు. అనుమతి ఉన్న బృందంతో కలిసే వెళ్ళాలి.

విత్తనం చల్లాం, వాన పడింది, ఒక్కటీ మొలవలేదు

ముందు నీళ్ళ పరీక్ష చేయండి. పొద కాలిన చోట బూడిద పక్కకి తోసి, మట్టి మీద నాలుగు చుక్కలు వేయండి. ఐదు సెకన్లు దాటినా ఇంకకుండా గుండ్రంగా నిలబడితే నేల నీటిని తోసేస్తోందని అర్థం. ఆకుల్లోని మైనం లాంటి పదార్థం వేడికి ఆవిరై మట్టి రేణువులకి పూతలా పట్టేస్తుంది. పొద కాలిన ఆ వలయంలో మాత్రమే పైమట్టిని అంగుళం, రెండంగుళాలు గీరి విత్తండి. పొదల మధ్య ఖాళీల్లో నల్లగా, గరుకుగా కనిపించే పెచ్చును కదపొద్దు. అది నాచు, శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు కట్టిన పొర. మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. చెదిరితే మళ్ళీ రావడానికి దశాబ్దాలు పడుతుంది.

నీళ్ళు బాగానే ఇంకాయా? అయితే దొంగలు పడ్డారు. చీమల పుట్టల చుట్టూ పొట్టు, నేల మీద చిన్న చిన్న గుంటలు ఉన్నాయేమో చూడండి. గింజలు మోసే చీమలు, కంగారూ ఎలుకలు ఎండాకాలంలో చల్లిన విత్తనాన్ని మిగలనివ్వవు. చలికాలపు వానలకి కాస్త ముందు చల్లి, పల్చగా మట్టి కప్పండి. ఎలుకలకి మందు పెట్టే ఆలోచన మాత్రం వద్దు. అవి దాచుకుని మర్చిపోయిన గింజల నుంచే కొత్త జాషువా చెట్లు మొలుస్తాయి.

ఈ రెండూ కాకపోతే వాన చాలలేదన్నమాట. ఏకవార్షిక పూల మొక్కల గింజలు ఏళ్ళ తరబడి మట్టిలో ఆగగలవు, వదిలేయండి. జాషువా గింజ అంతకాలం ఆగదు, దానికి నారు నాటడమే దారి.

రెండో మూడో ఏడు ఎక్కడ చూసినా ఎర్రటి గడ్డే

అసలు టెన్షన్ ఇక్కడ. రెడ్ బ్రోమ్ అనే ఈ గడ్డి మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చింది. చలికాలం వానలు బాగా పడితే విపరీతంగా పెరిగి, వేసవికి ఎండిపోతుంది. ఒకప్పుడు పొదకీ పొదకీ మధ్య ఉన్న ఖాళీ వల్ల మంట ఆగిపోయేది. ఇప్పుడు ఆ ఖాళీలో ఈ గడ్డి ఉంటుంది. అంటే గడ్డి మంటను తెస్తుంది, మంట పొదలను తీసేసి గడ్డికి చోటిస్తుంది.

మంట వేడికి పొదల కింద ఉన్న బ్రోమ్ గింజలు చాలావరకు చస్తాయి. అందుకే మొదటి ఏడాది నేల శుభ్రంగా కనిపిస్తుంది. దాన్ని చూసి నిశ్చింతగా ఉంటారు, అక్కడే దెబ్బ తింటారు. చుట్టుపక్కల మిగిలిన గింజలతో కొన్నేళ్ళలోనే గడ్డి తిరిగొస్తుంది. ఆ మొదటి చలికాలాన్ని వృథా చేయకూడదు. బ్రోమ్ గింజ మట్టిలో ఎక్కువ ఏళ్ళు బతకదు కాబట్టి, వరసగా రెండు మూడేళ్ళు గింజ పట్టకముందే పీకేస్తే చిన్న స్థలంలో నిజంగానే తగ్గుతుంది. కంకి ఎర్రబడ్డాక పీకితే గింజ రాల్చి మనమే విత్తినట్టు అవుతుంది. పెద్ద విస్తీర్ణంలో మొలకను ఆపే కలుపుమందు వాడతారు, అనుమతితో. అది స్థానిక మొక్కల గింజల్నీ మొలవనివ్వదు కాబట్టి, మందు కొట్టిన చోట విత్తనం చల్లడం అనవసరం. తర్వాత నారు నాటుకోండి.

నాటిన నారు వేసవి దాటడం లేదు

కాండం కొరికినట్టు ఉంటే కుందేళ్ళు, ఎలుకల పని. చుట్టుపక్కల పచ్చగా ఉన్నది అదొక్కటే, తినక ఏం చేస్తాయి? ఇనుప జాలీ చుట్టి, అడుగు భాగం మట్టిలోకి దిగేలా పాతండి.

కొరుకుడు లేకుండా వాడిపోతే వేరు లోతుకి వెళ్ళలేదు. మామూలు కుండీ నారు ఇక్కడ పనికిరాదు. జాషువా ట్రీ నేషనల్ పార్క్ నర్సరీ రెండున్నర అడుగుల పొడవాటి పైపు కుండీల్లో పెంచే పద్ధతి వాడుతుంది. నాటేది శరదృతువులో, లేదా చలికాలం మొదట్లో. పక్కనే ఒక పైపు దించి అందులో నీళ్ళు పోస్తే తడి నేరుగా వేరుకి చేరుతుంది. మొక్కను ఎండలో ఒంటరిగా వదలకుండా, బతికున్న పొద నీడలోనో కాలిన మోడు పక్కనో పెట్టండి. మోళ్ళన్నీ నరికి శుభ్రం చేయాలనే తొందర ఎందుకో అర్థం కాదు, దొరికే నీడే అది.

దారి లేని చోటికి నీళ్ళు ఎలా మోయాలన్నది వేరే సమస్య. డోమ్ ఫైర్ ప్రాంతంలో నారు, నీళ్ళు మోయడానికి ఒంటెల్నే వాడారు.

నల్లగా మాడిన జాషువా చెట్టు: చచ్చిందా?

రెండు వానాకాలాలు ఆగండి. కొన్ని మొదలు దగ్గర పిలకలు వేస్తాయి. వాటికి జాలీ కడితే నాటిన నారు కన్నా త్వరగా ఎదుగుతాయి. పశ్చిమ జాతి జాషువా చెట్టుకి కాలిఫోర్నియాలో 2023 చట్టం రక్షణ ఇస్తోంది, సొంత స్థలంలో ఎండిన మోడు తీయాలన్నా అనుమతి కావాలి.

బ్లాక్‌బ్రష్ పొద రావడమే లేదు

రాదు, మన కాలంలో అయితే కష్టమే. ముందు త్వరగా పట్టుకునే గ్లోబ్‌మాలో అనే పూల మొక్క, బిగ్ గలెట్టా గడ్డి లాంటివి వేసి నేలను కప్పించండి. గ్లోబ్‌మాలోను ఎడారి తాబేలు కూడా తింటుంది.

మీది మొహావీ కాదు, ఆరిజోనాలో టూసాన్ వైపు అయితే

అక్కడి కలుపు బఫెల్ గ్రాస్. మన దగ్గర అంజన్ గడ్డి పేరుతో పశువుల మేతగా వేసేది ఇదే. అక్కడ అది మంటను మోసి సగ్వారో కాక్టస్‌లను చంపుతోంది. ఇది బహువార్షికం, పీకితే చాలదు. గడ్డపారతో కుదురు మొత్తం తవ్వి, కంకులుంటే సంచిలో కట్టి బయటికి తీసుకెళ్ళాలి. మందు కొట్టేది వేసవి వానలకి అది పచ్చబడ్డాకే, ఎండు గడ్డి మీద కొడితే పని చేయదు.