అమెరికా మాంద్యం అంచనాలను ఎలా చదవాలి?

రాబోయే ఏడాదిలో అమెరికా మాంద్యంలోకి జారుకునే అవకాశం ఇంత శాతమని వార్త వచ్చినప్పుడు, దాన్ని నమ్మాలా వద్దా అని తేల్చుకునే ముందు, ఆ శాతం ఏ గడువుకు సంబంధించినదో, దేన్ని మాంద్యంగా లెక్కిస్తోందో, ఏ సూచిక మీద ఆధారపడిందో చూడాలి.

వరుసగా రెండు త్రైమాసికాలు జీడీపీ తగ్గితే మాంద్యమేనన్న మాట బాగా ప్రచారంలో ఉంది గాని, అక్కడ ఆ తీర్పు చెప్పేది నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్ అనే పరిశోధన సంస్థ నియమించిన నిపుణుల కమిటీ. ఉద్యోగాలు, నిజ ఆదాయాలు (ధరల పెరుగుదలను మినహాయించి లెక్కించినవి), వినియోగం, పారిశ్రామికోత్పత్తి అన్నీ పరిశీలించాకే అది నోరు విప్పుతుంది. 2007 డిసెంబరులో మొదలైన మాంద్యాన్ని 2008 డిసెంబరు 1న గాని ప్రకటించలేదు.

తరువాత సగటును గుర్తుంచుకోవాలి. 1948 నుంచి 2020 దాకా అక్కడ 12 మాంద్యాలు మొదలయ్యాయి, అంటే దాదాపు ఆరేళ్లకు ఒకటి. కాబట్టి ఏ ఏడాదికైనా సగటున 15 శాతానికి కాస్త పైగా అవకాశం ఉన్నట్టే. ఎవరైనా 30 శాతం అన్నారంటే ముప్పు రెట్టింపయిందని అర్థం. అయినా మాంద్యం రాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఈ రెండింటినీ కలిపి చెప్పని వార్త సగమే చెప్పినట్టు.

సూచికలలో పేరున్నది బాండ్ ఈల్డ్‌ల, అంటే బాండ్ల మీద వచ్చే రాబడి రేట్ల, తేడా. అమెరికా ప్రభుత్వం అప్పు కోసం జారీచేసే పదేళ్ల ట్రెజరీ బాండ్ ఈల్డ్ మామూలుగా మూడు నెలల బిల్లు ఈల్డ్ కన్నా ఎక్కువగా ఉంటుంది. ఆర్థిక వ్యవస్థ మందగించి, మున్ముందు అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లు తగ్గించక తప్పదని మదుపరులు భావించినప్పుడు ఆ వరుస తలకిందులవుతుంది. ఫెడరల్ రిజర్వ్‌లో భాగమైన న్యూయార్క్ ఫెడ్ ప్రతినెలా ప్రకటించే మాంద్యపు సంభావ్యత ఈ ఒక్క తేడా నుంచే వస్తుంది. 2023 మధ్యలో అది 70 శాతం దాకా వెళ్లింది, కానీ ఆ తరువాతి ఏడాదిలో మాంద్యం రాలేదు. అంతమాత్రాన దీన్ని పనికిరానిదిగా కొట్టిపారేయడం తొందరపాటే అవుతుంది. ఒకే సూచికతో నిర్ణయాలు తీసుకోకూడదన్నదే ఇక్కడ గ్రహించవలసినది.

అమెరికన్ ఆర్థికవేత్త క్లాడియా సామ్ 2019లో ప్రతిపాదించిన నియమాన్ని ఎవరైనా కాగితం మీద లెక్కకట్టవచ్చు. నిరుద్యోగ రేటు మూడు నెలల సగటును తీసుకుని, అంతకుముందు 12 నెలల్లోని అలాంటి సగటులలో కనిష్ఠమైనదాన్ని అందులోంచి తీసివేయాలి, తేడా 0.50 శాతం పాయింట్లు లేదా అంతకు మించితే మాంద్యం మొదలైనట్టు లెక్క. 2024 మే, జూన్, జూలై నెలల రేట్లు 4.0, 4.1, 4.3 కావడంతో సగటు 4.13 వచ్చింది. పాత కనిష్ఠం 3.60 గనుక తేడా 0.53. గీత దాటింది గాని మాంద్యం రాలేదు. వలసల వల్ల పని వెదికేవారు పెరగడం కూడా ఈ అంకెను పెంచి ఉండవచ్చని సామ్ స్వయంగా హెచ్చరించారు. పైగా ఇది జోస్యం చెప్పే సూచిక కాదు. ప్రజలకు సహాయధనం సకాలంలో అందించేందుకు, మాంద్యం మొదలైన తొలి నెలల్లోనే పసిగట్టాలని రూపొందించినది. ఈ భేదాన్ని విస్మరించిన శీర్షికలు అప్పట్లో చాలా వచ్చాయి.

అమెరికా ప్రాజెక్టుల మీద ఆధారపడిన హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు, అక్కడ చదువు ముగించుకుని ఉద్యోగం వెదుక్కుంటున్న మన విద్యార్థులు ఈ సంభావ్యతలతో పాటు, సాధారణంగా ప్రతి గురువారం వెలువడే కొత్త నిరుద్యోగ భృతి దరఖాస్తుల సంఖ్యను కూడా గమనించడం మంచిది. సెలవులు, తుపానుల వల్ల ఒక్కో వారం అంకె ఎగుడుదిగుడవుతుంది గనుక నాలుగు వారాల సగటునే చూడాలి.