మైదానం ఎవరి పేరున ఉండాలి? అనంతపురం ఫుట్‌బాల్ క్లబ్బులకు స్థలం, జమాఖర్చుల మార్గదర్శి

అనంతపురం నగరంలో గానీ, గుంతకల్లు, తాడిపత్రి, కల్యాణదుర్గం వంటి పట్టణాల్లో గానీ ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాలనుకునేవారు సాధారణంగా జట్టు పేరు, జెర్సీ రంగు, కోచ్ ఎవరన్న విషయాలను ముందు తేల్చుకొని, మైదానం సంగతి తర్వాత చూసుకోవచ్చునని అనుకుంటారు. ఈ వరుసను తలకిందులు చేయాలన్నదే నేను చెప్పదలచుకున్నది. ఆటగాళ్లు మారతారు, కార్యవర్గాలు మారతాయి, దాతలు వస్తారు పోతారు. క్లబ్బు ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఉంటుందా లేదా అన్నది మాత్రం మైదానం మీద దానికి ఎలాంటి హక్కు ఉంది, జట్టు చేసిన అప్పు ఆ హక్కు మీదికి రాకుండా ఏ ఏర్పాటు ఉంది అన్న రెండు విషయాలపైనే ఆధారపడి ఉంటుంది. మన జిల్లాలో పిల్లలు ఇంతమంది బంతి వెంట పరుగెత్తుతున్నారంటే, 1969లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) నిర్మించిన క్రీడా గ్రామం అందుకు పెద్ద కారణం. అక్కడ ఆడి పెరిగినవారు ఇప్పుడు తమ ఊళ్లలో సొంత క్లబ్బులు పెట్టుకోవాలని చూస్తున్నారు కనుక ఈ చర్చకు ఇది తగిన సమయం.

మొదటి పని: క్లబ్బుకు చట్టబద్ధమైన రూపం

స్థలం కొనాలన్నా, లీజుకు తీసుకోవాలన్నా క్లబ్బు పేరున సంతకం చేయగల ఒక సంస్థ ఉండాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో సొసైటీని నమోదు చేయించుకోవచ్చు. పెద్ద ఎత్తున నడపదలచినవారు కంపెనీల చట్టం, 2013లోని 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీని పెట్టుకోవచ్చు గాని, మన పట్టణాల స్థాయికి సొసైటీయే సులభం, ఖర్చూ తక్కువ. కార్యదర్శి పేరు మీదో, ఊరి పెద్ద ఒకరి పేరు మీదో ఉన్న బ్యాంకు ఖాతాతో క్లబ్బును నడపడం ఎంత నమ్మకస్థుడి చేతిలోనైనా సరైన పద్ధతి కాదు. ఆ వ్యక్తి కాలం చేస్తే ఆ డబ్బు తమదని ఆయన వారసులు అడగవచ్చు.

నమోదు కన్నా ముఖ్యమైనది నిబంధనావళి. దుకాణంలో దొరికే నమూనాను అలాగే నింపి ఇవ్వకుండా, కనీసం రెండు నిబంధనలను మీరే ఆలోచించి రాసుకోవాలి. క్లబ్బు మూతపడితే దాని ఆస్తి సభ్యులకు గానీ, కార్యవర్గానికి గానీ చెందదని, అదే ఆశయంతో పనిచేసే మరో సంస్థకు పోతుందని మొదటిది చెప్పాలి. స్థిరాస్తిని అమ్మాలన్నా, తనఖా పెట్టాలన్నా సర్వసభ్య సమావేశానికి వచ్చినవారిలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలని రెండవది చెప్పాలి. ఇంగ్లాండులో బ్రైటన్ క్లబ్బు సంగతి చూస్తే ఇవి ఎందుకు అవసరమో అర్థమవుతుంది. క్లబ్బు మూతపడితే వచ్చే లాభం డైరెక్టర్లకు చెందరాదన్న నిబంధనను 1990లలో అక్కడి నిర్వాహకులు చడీచప్పుడు లేకుండా తొలగించారు. అది బయటపడి గొడవ జరిగాక తిరిగి చేర్చినప్పటికీ, 1902 నుంచి ఆడుతున్న గోల్డ్‌స్టోన్ మైదానం అప్పటికే అమ్ముడుపోయింది. 1997 తర్వాత ఆ జట్టు రెండేళ్లు జిల్లింగ్‌హామ్ అనే దూరపు పట్టణంలో ఆడవలసి వచ్చింది. తనదైన కొత్త స్టేడియంలోకి 2011లో గాని అడుగుపెట్టలేకపోయింది.

ఎంత స్థలం కావాలి, దానికి ఎన్ని నీళ్లు కావాలి

అంతర్జాతీయ పోటీలకు ప్రమాణంగా పాటించే మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంటే 7,140 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 1 ఎకరం 76 సెంట్లు. చుట్టూ అయిదు మీటర్ల ఖాళీ వదిలితే 2 ఎకరాల 22 సెంట్లు అవుతుంది. గ్యాలరీ, బట్టలు మార్చుకునే గదులు, వాహనాలు నిలిపే చోటు కలిపితే మూడెకరాలకు తక్కువ ఉంటే ఇరుకే. ఆట నిబంధనలు 90 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు వరకు తగ్గించుకోవడానికి అనుమతిస్తాయి కాబట్టి, పిల్లల శిక్షణకు, స్థానిక పోటీలకు ఎకరంన్నరతోనైనా ప్రారంభించవచ్చు.

భూమి ధర గురించి అందరూ ఆలోచిస్తారు, నీటి గురించి చాలా తక్కువమంది ఆలోచిస్తారు. అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఎండాకాలంలో పచ్చికకు రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఇవ్వాలనుకుంటే, 7,140 చదరపు మీటర్లకు 35,700 లీటర్లు కావాలి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే రోజుకు ఏడు. మీ ఊళ్లో ట్యాంకరు ధరతో హెచ్చవేసి, దాన్ని మూడు నెలలకు లెక్కకట్టి చూడండి. బోరు వేద్దామంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవాలి, పైగా భూగర్భజలాన్ని మితిమీరి తోడేసినట్లు ప్రకటించిన గ్రామాల్లో ఆ అనుమతి దొరకదు. ఏడాది పొడవునా బోరు ఆగదన్న భరోసా ఉంటే తప్ప మన జిల్లాలో పచ్చిక మైదానం సొంతం చేసుకోవడం కొత్త క్లబ్బు నెత్తిన వేసుకోదగిన భారం కాదని నా గట్టి అభిప్రాయం. చదును చేసి, రాళ్లు ఏరి, రోలరు నడిపి, సాయంత్రం నీళ్లు చల్లిన ఎర్రమట్టి మైదానంలో మంచి ఆటగాళ్లు తయారవుతారు. క్లబ్బు ఆదాయం స్థిరపడ్డాక పచ్చిక సంగతి చూసుకోవచ్చు.

భూమి కొనేవారికి

తక్కువ ధరకు వస్తోందన్న భూమిని ముందుగా అనుమానించాలి. రాయలసీమలో అలాంటి భూముల్లో చాలావరకు డీకేటీ పట్టాలు (ప్రభుత్వం సాగుకిచ్చిన భూములు), వంక పొరంబోకులు, దేవాదాయ భూములే ఉంటాయి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల బదలాయింపును 1977 నాటి చట్టం నిషేధిస్తుంది. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు కొన్ని సడలింపులు వచ్చినా, ఒక్కొక్క సర్వే నంబరును విడిగా పరిశీలించకుండా అడుగు వేయకూడదు. అడంగల్, 1-బి వంటి రెవెన్యూ రికార్డులు, భూమి మీద తనఖాలు, పాత లావాదేవీలు చూపే ఈసీ తీయించి, ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ కార్యాలయంలో చూసుకొని, ఉమ్మడి ఆస్తి అయితే భాగస్తులందరి సంతకాలూ తీసుకోవాలి. ఇంటి స్థలానికి ఏ జాగ్రత్తలు తీసుకుంటామో వాటికి రెట్టింపు తీసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పోయేది పదిమంది చందా డబ్బు.

కొన్న భూమిని జట్టు నడిపే సొసైటీ పేరున ఉంచకుండా, వేరే ప్రజా ట్రస్టు పేరున ఉంచి, ఆ ట్రస్టు నుంచి క్లబ్బు నామమాత్రపు అద్దెకు దీర్ఘకాలిక లీజు తీసుకోవడం అన్నింటికన్నా క్షేమమైన ఏర్పాటు. లండన్‌లోని చెల్సీ క్లబ్బు అభిమానులు చేసినది ఇదే. 1993లో ఏర్పడిన చెల్సీ పిచ్ ఓనర్స్ సంస్థ స్టాంఫర్డ్ బ్రిడ్జ్ మైదానపు భూమినీ, క్లబ్బు పేరు మీద హక్కునూ తన దగ్గర ఉంచుకొని, 199 ఏళ్ల లీజుకు క్లబ్బుకు ఇచ్చింది. ఎన్ని వాటాలున్నా ఒకరికి వందకు మించి ఓట్లు ఉండవు. 2011లో క్లబ్బు ఆ భూమిని తిరిగి కొనబోతే 61.6 శాతం మంది ఒప్పుకున్నా, కావలసిన 75 శాతం రాక ప్రతిపాదన వీగిపోయింది. నాలుగింట మూడు వంతుల నిబంధన రాసుకోమని పైన చెప్పింది ఇందుకే. ప్రపంచంలోకెల్లా ధనిక క్లబ్బుల్లో ఒకదాన్ని అది నిలువరించగలిగింది.

ఈ ఏర్పాటుకు విరుద్ధంగా, క్లబ్బు యజమాని చేతిలోకే మైదానం వెళ్తే ఏమవుతుందో ఇంగ్లాండులోని డర్బీ కౌంటీ క్లబ్బు ఉదంతం చెబుతుంది. 2018లో ఆ క్లబ్బు తన స్టేడియాన్ని సుమారు 8 కోట్ల 10 లక్షల పౌండ్లకు తన యజమానికి చెందిన కంపెనీకే అమ్మి, ఆ ఏటి లెక్కల్లో లాభం చూపింది. 2021లో క్లబ్బు దివాలా స్థితికి చేరినప్పుడు, కొనడానికి ముందుకొచ్చినవారు క్లబ్బుతో ఒక బేరం, స్టేడియంతో మరో బేరం ఆడవలసి రావడం వ్యవహారాన్ని చిక్కుల్లో పడేసింది. కరవు ఏడాదిలోనూ మన రైతు విత్తనపు కాయలను కదిలించడు. క్లబ్బుకు మైదానం అలాంటిది.

లీజుకు తీసుకునేవారికి

మన క్లబ్బుల్లో ఎక్కువ వాటికి తగిన దారి ఇదే. పదకొండు నెలల ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద రాసుకొని ఏటా పొడిగించుకోవడం మామూలు అలవాటు. ఆ అలవాటుతో మైదానం మీద ఒక్క రూపాయి కూడా పెట్టుబడి పెట్టకూడదు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. కనీసం పదేళ్ల గడువు అడగండి. కళాశాల మైదానమైతే ప్రిన్సిపాల్ మాటతో సరిపెట్టుకోక యాజమాన్య తీర్మానం ప్రతిని తీసుకోండి. జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ మైదానంలో రుసుము కట్టి ఆడుకోవచ్చు గాని, అక్కడ మీ ఖర్చుతో శాశ్వత కట్టడాలు కట్టకండి. ప్రభుత్వ భూమి కోసం తహసీల్దారు ద్వారా కలెక్టరుకు దరఖాస్తు చేసేవారు, ఇచ్చిన భూమిని చెప్పిన పనికి వాడకపోతే వెనక్కు తీసుకుంటారన్న షరతును గుర్తుంచుకోవాలి. ప్రజల భూమికి ఆ షరతు న్యాయమైనదే.

లీజు షరతుల్లో ఏవి ముఖ్యమో ఇంగ్లాండులోనే మరో క్లబ్బు కోవెంట్రీ సిటీ చరిత్ర చదివితే తెలుస్తుంది. 1899 నుంచి ఆడిన సొంత మైదానాన్ని వదిలి 2005లో ఆ క్లబ్బు కొత్త స్టేడియంలోకి వెళ్లింది. అందులో తనకున్న సగం వాటాను డబ్బు అవసరమై ముందే ఒక ధర్మసంస్థకు అమ్ముకోవడంతో అక్కడ అద్దెకున్న జట్టుగా మిగిలింది. ఏడాదికి 12 లక్షల పౌండ్లకు పైగా అద్దె, తినుబండారాలు, పార్కింగ్ రాబడిలో చాలాభాగం స్టేడియం కంపెనీకి. జట్టు 2012లో మూడో స్థాయి లీగుకు దిగజారినా అద్దె దిగిరాలేదు. వివాదం ముదిరి 2013-14లో నార్తాంప్టన్‌లోనూ, 2019 నుంచి రెండు సీజన్లు బర్మింగ్‌హామ్‌లోనూ ఆడింది. మధ్యలో 2014లో స్టేడియాన్ని ఒక రగ్బీ క్లబ్బు కొనుక్కుంది. చివరకు 2025లో గాని అది కోవెంట్రీ యజమాని చేతికి రాలేదు.

కాబట్టి మీ లీజులో అద్దె పెంపు ఏటా ఎంత శాతానికి మించరాదో రాయించండి. జట్టు పోటీల స్థాయి తగ్గినప్పుడు అద్దెను మళ్లీ మాట్లాడుకునే వీలు ఉంచండి. మ్యాచ్ రోజున క్యాంటీన్, పార్కింగ్, బ్యానర్ల రాబడి ఎవరిదో పేరుపేరునా తేల్చండి. మీరు వేసిన బోరుకు, కంచెకు, ఫ్లడ్‌లైట్లకు గడువు తీరాక పరిహారం ఉంటుందా, విప్పుకొని తీసుకెళ్లవచ్చా అన్నది స్పష్టంగా ఉండాలి. యజమాని భూమిని అమ్మదలచుకుంటే ముందుగా క్లబ్బుకే అడగాలన్న షరతును ఎంత బతిమాలైనా చేర్పించండి.

జమాఖర్చులు

పద్దులు మూడు భాగాలుగా ఉండాలి: జట్టు పద్దు, మైదానం పద్దు, పిల్లల శిక్షణ పద్దు. వీలైతే మూడు బ్యాంకు ఖాతాలు, ప్రతిదానికీ ఇద్దరి సంతకాలు. మైదానం ఖాతాలో ఆరు నెలల అద్దె, నీటి ఖర్చు ఎప్పుడూ నిల్వ ఉండాలి. టోర్నమెంటు గెలవడానికి బయటి ఆటగాళ్లను తెచ్చే తొందరలో ఆ నిల్వను ముట్టుకోకూడదు. యూరప్ ఫుట్‌బాల్ సంఘమైన యూఈఎఫ్‌ఏ తన పోటీల్లో ఆడే క్లబ్బులు ఆటగాళ్ల, కోచ్‌ల ఖర్చును రాబడిలో 70 శాతానికి మించనివ్వకూడదని నియమం పెట్టింది. జీతాలంటూ పెద్దగా లేని మన క్లబ్బులు సగం దాటకుండా చూసుకోవాలి. బహుమతి సొమ్ము, ఒక్కసారి వచ్చే విరాళం వంటివి నెలనెలా ఖర్చులకు ఆధారం కావు, వాటిని మైదానానికో నిల్వకో మళ్లించాలి. 2021-22లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ తర్వాత జీతాల బకాయిల్లో కూరుకుపోయి, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోనివ్వని ఫిఫా బదిలీ నిషేధాలు ఎదుర్కొని, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. తెలుగు ఫుట్‌బాల్ అభిమానికి ఇది మరవలేని నష్టం.

రాబడి వెతికేటప్పుడు స్పాన్సర్‌షిప్పునూ, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్‌ఆర్ నిధులనూ కలగలపవద్దు. జెర్సీ మీద కంపెనీ గుర్తు వేసి తీసుకునే డబ్బు ప్రచారం కోసం ఇచ్చింది కనుక నియమాల ప్రకారం అది సీఎస్‌ఆర్ కాదు. గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు ఇచ్చే శిక్షణ మాత్రం సీఎస్‌ఆర్‌కు తగిన పనుల జాబితా అయిన కంపెనీల చట్టంలోని 7వ షెడ్యూలులో ఉంది. తాడిపత్రి సిమెంటు కర్మాగారాల వంటి పెద్ద పరిశ్రమలను మీరు అడగవలసింది పిల్లల శిక్షణ పద్దుకు. అందుకు సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12-ఎ (సంస్థకు పన్ను మినహాయింపు), 80-జి (దాతలకు పన్ను రాయితీ) నమోదులు, సీఎస్‌ఆర్ నిధులు తీసుకోవడానికి కావలసిన సీఎస్‌ఆర్-1 నంబరు, మూడేళ్ల పని చరిత్ర ఉండాలి. అందుకే మూడేళ్ల లెక్కలు ఆడిట్ చేయించి పెట్టుకోండి.

శిక్షణకు వచ్చే ప్రతి పిల్లవాడినీ, ప్రతి అమ్మాయినీ అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) కేంద్రీకృత రిజిస్ట్రేషన్ వ్యవస్థలో క్లబ్బు పేరున నమోదు చేయించండి. ఆటగాడు డబ్బు చెల్లింపుతో దేశం దాటి బదిలీ అయితే, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు ఆ మొత్తంలో 5 శాతం పంచాలని ఫిఫా నియమం ఉంది. నమోదు లేని క్లబ్బు ఆ వాటా అడగలేదు.

ఏటా మార్చి 31తో లెక్కలు ముగించి, జూన్‌లోగా సర్వసభ్య సమావేశం పెట్టి, మూడు పద్దులనూ చదివి వినిపించి, ఒక ప్రతిని మైదానం దగ్గర అందరికీ కనబడేలా అంటించండి. కార్యవర్గ జాబితాను జిల్లా రిజిస్ట్రారుకు ఏటా దాఖలు చేయండి. అదే సమావేశంలో లీజుకు ఇంకా ఎన్నేళ్లు మిగిలాయో కోశాధికారి చదవాలి, ఆ సంఖ్య మూడుకు తగ్గిన ఏడాదే యజమానితో పొడిగింపు మాటలు మొదలుపెట్టాలి.