కల్యాణ మండపంలో మెటల్ కచేరీ: ఫొటోలు తీసేవారికి

కాకినాడలోనో, భీమవరంలోనో, రాజమహేంద్రవరంలోనో నలుగురు ఇంజనీరింగు కుర్రాళ్లు కలిసి మెటల్ (గిటార్ల హోరు, గర్జించే గొంతు ఉండే రాక్ సంగీతం) బ్యాండు కట్టుకుంటే, వాళ్లకు సాధారణంగా దొరికే వేదిక ఏ కల్యాణ మండపం మేడ మీది హాలో, కాలేజీ సెమినారు హాలో అయి ఉంటుంది. వేదిక ఎత్తు రెండడుగులు మించదు. వెనుక గోడకు పెళ్లి అలంకరణ అలాగే ఉంటుంది, లైట్లంటే సౌండు వాళ్లు తెచ్చిన నాలుగైదు ఎల్‌ఈడీ పార్ లైట్లే (రంగులు మార్చగల స్టేజి దీపాలు). పెద్ద నగరాల కచేరీల్లో ఫొటోగ్రాఫర్లను వేదిక ముందు కంచెలోకి మొదటి మూడు పాటల వరకే రానిచ్చే ఆనవాయితీ ఉంది. మన హాళ్లలో అటువంటి కట్టుబాటు లేదు కనుక, గాయకుడి చెమట లెన్సు మీద పడేంత దగ్గరగా, మొదటి పాట నుంచి చివరి పాట దాకా నిలబడి పని చేసుకోవచ్చు.

కచేరీ ఏడింటికైతే అయిదింటికల్లా హాలుకు చేరుకోండి. అంతకు ముందే బ్యాండు వాళ్లను అడిగి పాటల వరుస తెలుసుకుని, వాళ్ల రికార్డింగులుంటే రెండు మూడు సార్లు వినండి. సౌండ్ చెక్ జరుగుతుండగా లైటింగు చూసే ఆయనతో మాట్లాడడం అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే రిసెప్షన్ల అలవాటు కొద్దీ ఆయన లైట్లను క్షణానికో రంగు మారేలా పెట్టి, భోజనానికి వెళ్లిపోయే అవకాశం ఉంది. అమలాపురం దగ్గర ఒక హాలులో నేను, "బాబాయ్ గారూ, ఎర్ర లైటు ఉంచండి గానీ, పక్క నుంచి ఒక్క తెల్ల లైటు సన్నగా వదలండి, మొహాలు కనపడితే చాలు" అని అడిగాను. "ఆయ్, అదెంత పనండీ" అంటూ ఆయన ఒక పార్ లైటును వేదిక ఎడమ మూల నుంచి లోపలికి తిప్పి, వెలుగు సగానికి తగ్గించి పెట్టారు. ఆ రాత్రి తీసిన వాటిలో పనికొచ్చిన ఫొటోలు చాలావరకు ఆ ఒక్క లైటు పుణ్యమే.

ఎర్ర లైటుతో వచ్చే చిక్కేమిటో తెలిస్తే ఆ మాట అడగడానికి మొహమాటం ఉండదు. మామూలు కెమెరా సెన్సరులో సగం బిందువులు ఆకుపచ్చను, పావు వంతు ఎరుపును, మిగిలిన పావు వంతు నీలాన్ని గ్రహిస్తాయి. హాలంతా ఎరుపే నిండినప్పుడు ఆ పావు వంతు బిందువులు మాత్రమే పని చేస్తాయి గనుక, ముఖం మీది ముడతలు, చెమట చుక్కలు, కంటి రెప్పలు అన్నీ ఒకే ఎర్ర ముద్దగా మారిపోతాయి. అటువంటప్పుడు కెమెరాలో వెలుగును కొలిచే మీటరును నమ్మకుండా ఒక స్టాపు తగ్గించి, అంటే వెలుగును సగం చేసి, తీయండి. తెర మీద మూడు రంగుల హిస్టోగ్రామును (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతెంత ఉందో చూపే పటాన్ని) విడివిడిగా చూస్తూ, ఎరుపు గీత కుడి అంచును తాకకుండా జాగ్రత్తపడండి. ఫైళ్లను తప్పనిసరిగా రా (RAW) పద్ధతిలోనే, అంటే సెన్సరు పట్టింది పట్టినట్టుగానే, భద్రపరచండి. అప్పటికీ రంగు దారికి రాకపోతే నలుపు తెలుపులోకి మార్చవచ్చు, ఈ సంగీతానికి అది చక్కగా నప్పుతుంది.

మిగతా అమరికలకు పెద్ద ఖర్చు అక్కరలేదు. 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది), మరీ ఇరుకు హాలయితే 35 మిల్లీమీటర్లది సరిపోతుంది. మాన్యువల్‌లో ఎఫ్ 2, షట్టరు వేగం 1/250 సెకను, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200తో మొదలుపెట్టి, అవసరాన్నిబట్టి ఐఎస్ఓను 6400 దాకా పెంచుకోండి. ఫొటోలో కాస్త గరుకుదనం వస్తే దిద్దుకోవచ్చు గానీ, కదిలి చెదిరిన ముఖాన్ని దిద్దలేము. ఎలక్ట్రానిక్ షట్టరు వాడితే ఎల్‌ఈడీ లైట్ల మినుకు వల్ల ఫొటోలో అడ్డ చారలు పడవచ్చు కనుక మెకానికల్ షట్టరుకు మారండి, అప్పటికీ చారలు కనిపిస్తుంటే అవి పోయేదాకా వేగాన్ని 1/125 వైపు తగ్గిస్తూ రండి. ఫ్లాష్ వాడవద్దని నా గట్టి సలహా. అది వాయించేవారి కళ్లు చెదరగొడుతుంది, పొగలో తెల్లటి తెర లేపుతుంది.

మన డెల్టా గాలిలోని తేమ లెన్సుకు శత్రువు. ఏసీ కారులో కాకినాడ దాకా వచ్చి, దిగగానే ఉక్క గాలిలో సంచి తెరిస్తే చల్లటి గాజు మీద ఆవిరి పట్టేస్తుంది, తుడిచిన కొద్దీ మళ్లీ పడుతూనే ఉంటుంది. నేను ఒక సాయంత్రం మొదటి పాట మొత్తాన్ని అలాగే పోగొట్టుకున్నాను. కెమెరాను జిప్పు కవరులో మూసి ఉంచి, అరగంట పాటు హాలు వేడికి అలవాటు పడనిచ్చిన తరువాతే బయటికి తీయండి.

ఇక ఎప్పుడు నొక్కాలన్నదానికి చెవే గురువు. జాతరలో దరువు మారబోయే ముందు డప్పు కొట్టే మనిషి భుజం ఎలా పైకి లేస్తుందో గమనించినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. మెటల్ పాటలో బ్రేక్‌డౌన్ (వేగం తగ్గి బరువైన దరువు మొదలయ్యే భాగం) వచ్చే ముందు తరచు అన్ని వాద్యాలూ ఒక్క క్షణం ఆగుతాయి, ఆ నిశ్శబ్దంలో గిటారిస్టు తల వెనక్కి వెళుతుంది, డ్రమ్మరు రెండు కర్రలూ చెవుల దాకా లేస్తాయి. మరుక్షణం అందరూ ఒక్కసారి కిందికి విరుచుకుపడతారు. తల ఊపేటప్పుడు జుట్టు పైకి వెళ్లి కిందికి తిరగబోయే చోట దాదాపు నిలిచిపోతుంది గనుక, 1/250లో కూడా ప్రతి వెంట్రుకా విడివిడిగా దక్కుతుంది, మధ్య ఊపులో పట్టుకోవాలంటే 1/500 కావాలి. గాయకుడు గర్జిస్తున్నంతసేపూ మైకు నోటికి అడ్డంగా ఉంటుంది. గర్జన ముగిసి మైకు నాలుగంగుళాలు కిందికి దిగినప్పుడు, మెడ నరాలు ఇంకా బిగిసే ఉండగా, కిందికి తీగలా సాగిన ఉమ్మి లైటులో మెరిసే ఆ అర సెకను కోసం కాచుకుని ఉండండి.

కుడిచేతి వాటం గిటారిస్టు తన ఎడమ చేతి వేళ్ల వైపు చూస్తుంటాడు కాబట్టి, వేదికకు ఎదురుగా నిలబడిన మనం అతనికంటే కుడి పక్కకు జరిగితే అతని ముఖం మనవైపు తిరిగి ఉంటుంది. మోకాళ్ల మీద కూర్చుని పైకి తీస్తే వెనుకనున్న పూల అలంకరణ తప్పిపోయి, నల్లటి పైకప్పు నేపథ్యమవుతుంది. డ్రమ్మరు కోసం రెండు పాటలు ప్రత్యేకంగా కేటాయించండి. అతనికి సరైన లైటు అందదు, సింబల్స్ (డ్రమ్ముల పైన నిలబెట్టే లోహపు పళ్లేలు) ముఖాన్ని కప్పేస్తాయి, కనుక వేదిక పక్క మెట్ల మీద నుంచి సింబల్ పైకి లేచిన సందులోంచి తీయవలసి ఉంటుంది.

కరెంటు పోతే కెమెరా దించకండి. గిటార్లు మూగబోతాయి గానీ డ్రమ్ములకు కరెంటుతో పని లేదు. జనరేటరు అందుకునే లోపల కుర్రాళ్లు ఫోన్ టార్చీలు ఎత్తితే, ఆ వెలుగులో 1/60 సెకనుతో దొరికే ఫొటో మళ్లీ దొరకదు. ముందు వరసలో తోపులాట మొదలైనప్పుడు పట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, లెన్సు హుడ్ తగిలించుకుని, వీపు గోడకు ఆనించి నిలబడండి.

చెవుల విషయంలో అశ్రద్ధ పనికిరాదు. 85 డెసిబెళ్ల ధ్వనిని రోజుకు 8 గంటలు వినవచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర 15 నిమిషాలే మిగులుతాయి, సౌండ్ బాక్సుల పక్కన ఆ స్థాయి సులువుగా దాటిపోతుంది. ఫోమ్ ఇయర్ ప్లగ్గులు రెండు జతలు సంచిలో ఉంచుకోండి, ఒక జత పక్కవారికి పనికొస్తుంది.

ఇంటికి చేరాక ముందు కార్డును రెండు చోట్లకు కాపీ చేసి, చెమట తగిలిన కెమెరాను పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టండి, లేకపోతే వానాకాలం గడిచేసరికి లెన్సులో బూజు కనిపిస్తుంది. తీసిన ఆరు వందల్లోంచి ఇరవై ఎంచి రెండు రోజుల్లోగా బ్యాండుకు పంపండి, ఆ ఇరవైలో డ్రమ్మరువి మూడైనా ఉండేలా చూడండి.