పండుగ పానీయాలు – మూడో పాఠం: వైన్‌కు ఎంత చల్లదనం, ఎంత వేడి?

కిందటి పాఠంలో సీసా మీది లేబుల్ చదవడం, రెడ్, వైట్, స్పార్క్లింగ్ (బుడగలు పొంగే) వైన్ల తేడా చూశాం. ఈసారి పాఠమంతా వేడిమి గురించే. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా మన ఇళ్లలో తెరిచే సీసాల రుచి ఎక్కువగా చెడేది దీనివల్లే. సీసాను దుకాణంలో ఎక్కడ పెట్టారు, ఇంట్లో ఎంత చల్లబరిచారు, పొయ్యి మీద ఎంతసేపు ఉంచారు అన్న మూడు సంగతులు చేతిలో ఉంటే మామూలు వైన్ కూడా మంచిగ ఉంటుంది. అవి తప్పితే ఎంత ఖరీదు సీసా అయినా లాభం లేదు.

ఎండాకాలం చూసిన సీసా

నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి ఊళ్ల వైన్స్‌లో బీరు, విస్కీ కదిలినంత తొందరగా వైన్ కదలదు. పోయిన చలికాలం దింపిన సీసా ఈ డిసెంబరుకూ అదే అరలో ఉండొచ్చు. నడుమ మే నెల గడిచింది. 42 డిగ్రీల ఎండలో ఏసీ లేని గదిలో రోజుల తరబడి ఉన్న వైన్ లోపలే ఉడికిపోతుంది. విస్కీకి ఆ బాధ లేదు. దానిలో ఆల్కహాల్ 42.8 శాతం, వైన్‌లో 12, 13 శాతమే. పండు వాసన, పులుపు అంత సున్నితంగా ఉండేది వైన్‌లోనే.

అందుకే సీసా చేతికి తీసుకోగానే ముందు వెనక లేబుల్ మీద ప్యాకింగ్ నెల, సంవత్సరం చూడండి. వైట్, రోజే (గులాబి రంగు వైన్) అయితే ఈ ఏడాదిది, కాకుంటే కిందటి ఏడాదిది తీసుకోవాలి. రెడ్‌కు ఇంకో ఏడాది వెసులుబాటు ఇవ్వొచ్చు. ఆ తర్వాత మూత చూడండి. కార్క్ బిరడా సీసా నోటి కంటే పైకి లేచి ఉన్నా, రేకు కింద జిగటగా కారిన మరక ఉన్నా లోపలి వైన్ వేడికి పొంగి బిరడాను తోసిందని అర్థం. ఆ సీసా వద్దు. గాజు గూట్లో ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టిన సీసా కంటే లోపల అట్టపెట్టెలో ఉన్నది అడిగి తీయించుకోవడం మేలు. వెలుతురు కూడా వైన్‌ను పాడుచేస్తుంది, ముఖ్యంగా తెల్లగాజు సీసాలో ఉన్నదాన్ని.

తిప్పుడు మూత ఉంటే చవక సరుకు అనుకోకండి. ఏడాదిలోపు తాగే వైన్‌కు మన వేడిలో అదే నమ్మకం. బిరడా ఎండి ముక్కలైపోయే తంటా కూడా ఉండదు.

ఇంటికి తెచ్చి తెరిచాక కూడా ఒక పరీక్ష ఉంది. రెడ్ అంచు ఇటుక రంగుకు తిరిగి, వాసన ఉడకబెట్టిన ఎండుద్రాక్షలా ఉంటే, వైట్ బంగారు రంగు దాటి గోధుమకు దిగితే ఆ వైన్ ఉడికిందే. తాగితే ప్రమాదం లేదు గానీ గ్లాసులో పోసి ఇచ్చేలా ఉండదు. కింద చెప్పే వేడి వైన్‌లోకి వాడుకోవచ్చు. వెనిగర్ వాసన వస్తే మాత్రం అందుకూ పనికిరాదు.

ఎంత చల్లబరచాలి

రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే ఇవ్వాలన్న మాట యూరప్ చలి గదులకు సరిపోతుంది. మన దగ్గర డిసెంబరులో పొద్దున చలి వణికించినా, మధ్యాహ్నానికి స్లాబు ఇంట్లో 28 డిగ్రీలు ఉంటుంది. అంత వెచ్చని రెడ్ వైన్‌లో ముక్కుకు ముందు తగిలేది స్పిరిట్ ఘాటు, నాలుకకు తగిలేది దాని మంట. పండు రుచి వెనక్కి పోతుంది.

రెడ్‌కు 15 నుంచి 18 డిగ్రీలు, వైట్, రోజేలకు 8 నుంచి 12, స్పార్క్లింగ్‌కు 6 నుంచి 8 సరిపోతుంది. థర్మామీటర్ లేకపోయినా పని జరుగుతుంది. 28 డిగ్రీల గదిలో ఉన్న రెడ్ సీసాను ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టండి, వైట్‌ను రెండున్నర నుంచి మూడు గంటలు. ఫ్రిజ్‌లోనే ఉండిపోయిన రెడ్‌ను పోయడానికి అరగంట ముందు బయట పెడితే సరి. మరీ చల్లగా ఉన్న రెడ్ నోట్లో వట్టి వగరుగా అనిపిస్తుంది.

తొందరగా కావాలంటే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి గుప్పెడు కల్లుప్పు వేసి సీసాను మెడ దాకా ముంచండి. వైట్ 20 నిమిషాల్లో సిద్ధం, స్పార్క్లింగ్ 30 నిమిషాల్లో. ఐసు ఒక్కటే వేస్తే ముక్కల నడుమ గాలి మిగిలి సీసాకు చల్లదనం అంటదు. నీళ్లు ఉంటేనే సీసా చుట్టూ పట్టుకుంటుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే గడ్డకట్టి బిరడా లేస్తుంది. స్పార్క్లింగ్ అయితే సీసానే పగలొచ్చు, దాన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి.

స్పార్క్లింగ్ సీసా లోపల కారు టైరు కంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది, మామూలు గాలి ఒత్తిడికి 5, 6 రెట్ల దాకా. డిసెంబరు 31 రాత్రి ఊపి పేల్చితే సగం వైన్ నేలపాలు, బిరడా ఎవరి కంటికైనా తగలొచ్చు. బాగా చల్లబరిచిన సీసాను ఏటవాలుగా, మనుషుల వైపు కాకుండా పట్టుకోండి. బిరడాను బిగించిన తీగను సగం సగం తిప్పుతూ ఆరుసార్లకు వదులు చేయాలి. తీగ వదులైన క్షణం నుంచి బొటనవేలు బిరడా మీదినుంచి తీయకూడదు. ఆ తర్వాత బిరడాను బిగించి పట్టి, సీసా అడుగును తిప్పండి. ఒత్తిడే బిరడాను తోస్తుంది, మీరు దాన్ని ఆపుతూ మెల్లగా వదలాలి. 'తుస్స్'మని చిన్న చప్పుడు వస్తే సరిగ్గా తీసినట్టు. పొంగిందంటే సీసా చల్లబడలేదు, లేదా బండి మీద తెచ్చిన కుదుపు ఇంకా తగ్గలేదు. తెచ్చాక కొన్ని గంటలు కదపకుండా నిలబెట్టాలి.

వేడి వైన్: పొయ్యి మీద ఏం జరుగుతుంది

జర్మనీలో గ్లూవైన్, ఫ్రాన్స్‌లో వాన్‌షో, స్వీడన్‌లో గ్లోగ్ అని క్రిస్మస్ సంతల్లో అమ్మేది మసాలా దినుసులు వేసి వెచ్చబెట్టిన రెడ్ వైనే. దినుసులన్నీ మన పోపుల డబ్బాలోవే. నారింజ బదులు నల్లగొండ బత్తాయి ఉండనే ఉంది. కానీ నారింజ కొలతలే బత్తాయికి పెడితే తప్పుతుంది. మన బత్తాయిలో పులుపు తక్కువ, అందుకే నిమ్మ తోడు కావాలి.

750 మి.లీ. సీసా ఒకటి. వగరు మరీ ఎక్కువ లేని, తీపి లేని రెడ్ తీసుకోండి. నీళ్లు 150 మి.లీ., చక్కెర 75 గ్రాములు, వేలెడంత దాల్చినచెక్క ముక్కలు రెండు, లవంగాలు ఆరు, ఇలాచీలు మూడు, అనాసపువ్వు ఒకటి, అరంగుళం అల్లం, ఒక బత్తాయి, అర నిమ్మకాయ.

దినుసుల సారం దిగాలంటే నీళ్లు మరగాలి. వైన్ మాత్రం మరగకూడదు. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, దాంతోపాటే పండు వాసన ఎగిరిపోయి పులుపు, వగరు మిగులుతాయి. అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి మరిగించేవాళ్లకు కషాయం వచ్చేది ఇందుకే. ఈ రెండు పనులనూ విడదీస్తే సగం గెలిచినట్టే.

ముందు బత్తాయిని గోరువెచ్చని నీళ్లతో రుద్ది కడిగి, తొక్క పైపొరను కూరగాయల చెక్కుడు కత్తితో పలచగా తీయండి. తొక్క లోపలి వైపు చూడండి, తెల్లటి మెత్తని పొర అంటుకుని ఉంటే కత్తి మొనతో గీకేయండి. చేదంతా ఆ తెల్ల పొరలోను, గింజల్లోను ఉంటుంది. బత్తాయి చక్రాలు కోసి గిన్నెలో వేసే ఫొటోలు చూడటానికి బాగుంటాయి గానీ, వేడిలో పావుగంట ఉంటే చేదు దిగుతుంది. చక్రాలు కావాలంటే కప్పులో చివర వేసుకోండి.

స్టీలు గిన్నెలో నీళ్లు, చక్కెర, దినుసులు, అల్లం, తొక్క వేసి సన్న మంట మీద మూత పెట్టి పది నిమిషాలు మరగనివ్వండి. అల్యూమినియం తపాలా, కళాయి లేని ఇత్తడి గంజు వద్దు. వైన్ పులుపు వాటిని తిని లోహపు రుచి తెస్తుంది. పాకం కాస్త చిక్కబడ్డాక మంట బాగా తగ్గించి వైన్ పోయండి. ఆవిరి లేచి, గిన్నె అంచు చుట్టూ ఆవగింజంత బుడగలు అంటుకోవడం మొదలైతే 65, 70 డిగ్రీలకు వచ్చినట్టు. పొయ్యి ఆపి మూత పెట్టి పది నిమిషాలు ఉంచండి. వడకట్టి, బత్తాయి రసం, నిమ్మరసం కలిపి రుచి చూడండి. ఆరు, ఏడు కప్పులు వస్తాయి.

లవంగాలు ఆరు దాటితే నాలుక మొద్దుబారుతుంది. అనాసపువ్వు రెండోది పడితే బిర్యానీ వాసనే. పొడి మసాలా వేస్తే వడకట్టినా అడుగున మడ్డి మిగులుతుంది. బెల్లం వేస్తే దాని వాసన వైన్‌ను మింగేస్తుంది, కాబట్టి చక్కెరే నయం. చవకగా దొరికే తియ్యని 'పోర్ట్' రకం సీసాతో చేస్తుంటే చక్కెర పూర్తిగా మానేసి నిమ్మకాయ మొత్తం పిండండి. బ్రాందీ గానీ రమ్ము గానీ కలపదలిస్తే 60 మి.లీ. దాటకుండా, పొయ్యి ఆపి గిన్నె దించాకే పోయాలి. మంట పక్కన స్పిరిట్ ఆవిరి అంటుకుంటుంది.

పోసేటప్పుడు పలచటి గాజు గ్లాసు పగలకుండా స్టీలు చెంచా వేసి దాని మీదుగా పోయండి. పింగాణీ టీ కప్పులు అన్నిటికంటే మేలు. స్టీలు గ్లాసు పెదవి కాలుస్తుంది. మిగిలితే దినుసులు తీసేసి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వెచ్చబెట్టుకోవచ్చు. దినుసులతోనే వదిలేస్తే తెల్లారేసరికి చేదెక్కుతుంది.

తాగనివాళ్ల గిన్నె

మన దిక్కు క్రిస్మస్ చేసుకునే ఇళ్లలో మందు ముట్టనివాళ్లు చాలామంది. పిల్లలు, పెద్దలు, మందుబిళ్లలు వేసుకునేవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్లకు కూల్‌డ్రింక్ చేతిలో పెట్టి సరిపెట్టడం మర్యాద కాదు, వాళ్లకూ అంతే శ్రద్ధతో చేయాలి.

దినుసుల నీళ్లు పైన చెప్పినట్టే, చక్కెర లేకుండా మరిగించి లీటరు నల్లద్రాక్ష రసంలో పోయండి. డబ్బా రసంలో తీపి ఉంటుంది గానీ వైన్‌లోని వగరు ఉండదు. పాలు లేని చిక్కటి టీ డికాక్షన్ 100 మి.లీ. కలిపితే ఆ వగరు వస్తుంది. నిమ్మకాయ ఒకటిన్నర పిండండి. ఈ గిన్నెకు గంటె వేరు, కప్పుల రంగు వేరు ఉండాలి.

పండుగకు వచ్చిపోయే వాళ్లందరికీ కావాలంటే అల్లం వైన్ చేసిపెట్టుకోండి. పేరుకు వైన్ అయినా పులియబెట్టేది కాదు. ఇంట్లో పులియబెట్టి మద్యం తయారుచేయడం లైసెన్సు లేకుండా ఎక్సైజ్ చట్టం కింద నేరం, ఆ పద్ధతి ఈ పాఠాల్లో ఉండదు. దీనికి అల్లం 100 గ్రాములు కావాలి. డిసెంబరులో వచ్చే కొత్త అల్లానికి ఘాటు తక్కువ, అదైతే 130. చక్కెర కిలో, నీళ్లు లీటరున్నర, ఎండుమిరపకాయలు మూడు, లవంగాలు ఎనిమిది, దాల్చినచెక్క రెండు ముక్కలు, నిమ్మ ఉప్పు 15 గ్రాములు.

కిలోలోంచి 100 గ్రాముల చక్కెర తీసి మందపాటి గిన్నెలో నీళ్లు లేకుండా కరిగించండి. తేనె రంగు దాటి ఎర్రమట్టి రంగుకు రాగానే అర గ్లాసు వేడినీళ్లు దూరం నుంచి పోయాలి. చన్నీళ్లు పోస్తే పేలి చిమ్ముతుంది, చేతులు కాలతాయి. పొగ వచ్చి నల్లబడితే పారేసి మళ్లీ చేయండి, ఆ చేదు ఏమేసినా పోదు. దంచిన అల్లం, దినుసులు, గింజలు తీసిన మిరపకాయలు, మిగతా నీళ్లు, చక్కెర కలిపి 20 నిమిషాలు సన్నగా మరిగించండి. వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక నిమ్మ ఉప్పు కలపండి. ఒక వంతు పాకానికి రెండు వంతుల చల్లని నీళ్లు. దాదాపు 40 చిన్న గ్లాసులకు వస్తుంది. తడి లేని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు నిలుస్తుంది. బయట పెట్టిన సీసా మూత తీయగానే బుసబుసమంటే పులిసినట్టు, పారబోయండి.

పళ్లెంలోకి, కొలతలోకి

నాటుకోడి కూర, మటన్ ఫ్రై లాంటి కారం వంటలతో వగరు రెడ్ కుదరదు. ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది, వగరు ఇంకా గరుకవుతుంది. తేలిక రెడ్‌ను మామూలు కంటే చల్లగా, 14 డిగ్రీలకు తెచ్చి ఇవ్వండి. కాస్త తీపి ఉన్న వైట్, రోజే ఇంకా బాగుంటాయి. సకినాలు, సర్వపిండి లాంటి నువ్వుల కరకరలకు స్పార్క్లింగ్‌ను మించింది లేదు. కేకు, గర్జెలతో అయితే వైన్ ఆ తీపి కంటే ఎక్కువ తియ్యగా ఉండాలి, లేకుంటే వైన్ పుల్లగా తోస్తుంది.

కొలత విషయానికొస్తే, ఒక సీసా 150 మి.లీ. చొప్పున ఐదు గ్లాసులు. 12 శాతం వైన్ గ్లాసులో దాదాపు 14 గ్రాముల ఆల్కహాల్, 60 మి.లీ. విస్కీలో 20, 5 శాతం బీరు పెద్ద సీసాలో 25 గ్రాములు ఉంటాయి. వేడి వైన్ తియ్యగా, గోరువెచ్చగా దిగుతుంది కాబట్టి లెక్క తప్పేది దాంతోనే. రెండు కప్పుల దగ్గర ఆగి అన్నం తినండి. మన రాష్ట్రంలో తాగడానికి వయసు 21. బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఒకటి రెండు గ్లాసులకే ఆ హద్దు దాటొచ్చు, కాబట్టి బండి తాళం ఉన్నవాళ్లు అల్లం వైన్ గిన్నె దగ్గర కూర్చోవాలి.

ఈ వారం సాధన

ఒకే రెడ్ సీసాను రెండు గ్లాసుల్లో పోయండి. ఒకటి గది వేడిమిలో ఉంచి, రెండోదాన్ని మూత కప్పి పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి రెండూ పక్కపక్కన రుచి చూడండి. వగరు ఎందులో ఎక్కువ, పండు వాసన ఎందులో ముందు తగిలిందో కాగితం మీద రాయండి. మిగిలిన వైన్‌కు మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మూడు రోజుల దాకా బాగుంటుంది, నాలుగో పాఠంలో దానితోనే పని ఉంది.