మోకాలి చిప్ప కింద నొప్పి: లోపలి గాడి ఎలా ఉందో తెలుసుకోవడం ఎలా?

మెట్లు దిగుతుంటే చిప్ప వెనక నొప్పి. రెండు గంటలు మోకాళ్లు మడిచి కూర్చుని లేస్తే పట్టేసినట్టు ఉంటుంది. ఎక్స్‌రే తీయిస్తే మాత్రం ‘ఏమీ లేదు’ అంటారు. ఇలాంటప్పుడు చూడాల్సింది గుజ్జు ఒక్కటే కాదు, ఎముక ఆకారం కూడా.

బావి గిలకను గుర్తు చేసుకోండి. గాడి లోతుగా ఉంటే తాడు అందులోనే నడుస్తుంది. లోతు లేకపోతే పక్కకు జరిగి అంచును ఒరుసుకుంటుంది. తొడ ఎముక కింది చివర ముందువైపు అలాంటి గాడే ఉంటుంది. తాడు మధ్యలో ముడిలా తొడ కండరానికి అంటుకుని ఉన్న చిప్ప అందులో కిందికీ పైకీ జారుతుంది. గాడి చదునుగా ఉంటే చిప్ప బయటివైపుకు ఒరుగుతుంది. బరువంతా కొద్దిపాటి చోటు మీదే పడి, అక్కడి గుజ్జు ముందుగా మెత్తబడి, పగిలి, అరుగుతుంది.

1. సరైన ఎక్స్‌రే అడగండి
నిలబెట్టి ముందునుంచి తీసే ఎక్స్‌రేలో ఈ గాడి లోతు తెలియదు. మోకాలు కొంచెం మడిచి తీసే ‘స్కైలైన్ వ్యూ’ కావాలి, దానితోపాటు పక్కనుంచి తీసేది కూడా. అడగడానికి మొహమాటపడొద్దు. గుజ్జు పరిస్థితి కూడా తెలియాలంటే ఎంఆర్‌ఐ తీయాలి. అది అందరికీ అవసరం ఉండదు.

2. రిపోర్టులో ఈ మాటలు వెతకండి
‘సల్కస్ యాంగిల్’ అంటే గాడి రెండు గోడల మధ్య కోణం. మామూలుగా 138 డిగ్రీల దగ్గర ఉంటుంది. 145 దాటితే గాడి లోతు తక్కువని అర్థం. ‘ట్రోక్లియర్ డిస్‌ప్లేజియా’ అని రాసినా సంగతి గాడి గురించే. ‘పటెల్లా ఆల్టా’ అంటే చిప్ప ఉండాల్సిన దానికన్నా పైన ఉంది, మోకాలు మడిచినప్పుడు గాడిలోకి ఆలస్యంగా దిగుతుంది. ‘లేటరల్ టిల్ట్’ అంటే బయటికి ఒరిగింది.

ఇవి చూసి టెన్షన్ పడకండి. గాడి చదునుగా ఉన్నా నొప్పే లేనివాళ్లు ఉన్నారు. ఆకారం ముప్పును పెంచుతుంది, అంతే.

3. భారం తగ్గించండి
ఎముక ఆకారాన్ని ఏ వ్యాయామమూ, ఏ నూనే మార్చలేవు (మార్చగలమని చెప్పే ప్రకటనలకు కొదవ లేదు). మార్చగలిగేది చిప్ప మీద పడే బరువు. మెట్లెక్కేటప్పుడు ఒంటి బరువుకు సుమారు 3 రెట్లు, పూర్తిగా గొంతుక్కూర్చుంటే దాదాపు 7 రెట్లు దాని మీద పడుతుందని అంచనా. అందుకే నొప్పి ఉన్నన్నాళ్లు కుర్చీ, వెస్టర్న్ కమోడ్ వాడడం నయం. కూరగాయలు తరగడానికి కత్తిపీట ముందు కూర్చునే అలవాటు ఉంటే, బల్ల దగ్గర నిలబడి చాకుతో కానివ్వండి.

4. తొడను గట్టిపరచండి
వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండోది నిటారుగా జానెడు పైకెత్తి 5 సెకన్లు ఆపండి. ఇలా 10 సార్లు. కాలు చాపి ఉన్నప్పుడు చిప్ప గాడికి పైన ఉంటుంది కాబట్టి ఒరిపిడి తక్కువ. పక్కకు తిరిగి పడుకుని పై కాలు ఎత్తడం తుంటి కండరాలకు మంచిది. తేడా కనిపించడానికి వారాలు పడుతుంది.

చిప్ప ఒక్కసారైనా పక్కకు తప్పినా, మోకాలు వాచినా, మడతలో ఇరుక్కుపోయినా ఇంటి వైద్యంతో ఆగకుండా ఎముకల డాక్టర్‌ను కలవండి. గాడిని లోతు చేసే ఆపరేషన్ ఒకటి ఉంది కానీ, అది ముఖ్యంగా చిప్ప పదేపదే తప్పేవాళ్ల కోసం. ఉత్త నొప్పికి ఎవరైనా దాన్ని సూచిస్తే ఇంకో డాక్టర్‌ను కూడా అడగండి.