బ్రిటన్ బడుల్లో స్పాన్సర్డ్ వాక్ ద్వారా విదేశీ బాలలకు నిధులు సేకరించడం ఎలా?

బ్రిటన్‌లో చదువుకునే పిల్లలు బడి నుంచి స్పాన్సర్ ఫారం (దాతల పేర్లు, వారు ఇస్తామన్న మొత్తాలు రాసే కాగితం) తెచ్చి ఇంట్లో పెద్దల ముందు పెట్టడం అక్కడి తెలుగు కుటుంబాలకు కొత్తేమీ కాదు. పిల్లలు నడిచిన చుట్టుకు ఇంత అని తెలిసినవారు విరాళం ఒప్పుకునే ఈ స్పాన్సర్డ్ వాక్ అనే నడకను విద్యార్థులే తలపెట్టి, వసూలైన సొమ్ము మరో దేశంలోని బాలలకు సక్రమంగా చేరేలా చూడాలంటే మాత్రం కొంత పద్ధతి పాటించాలి.

మొదట ఏ సంస్థకు ఇవ్వాలో నిర్ణయించుకోవాలి. ఉదాహరణకు, స్కాట్లాండ్‌లో పుట్టిన మేరీస్ మీల్స్ సంస్థ 2002 నుంచి ఆఫ్రికా దేశమైన మలావీలో, మన మధ్యాహ్న భోజన పథకం మాదిరిగానే, బడిలోనే పిల్లలకు రోజుకొక పూట ఆహారం పెడుతోంది; మొక్కజొన్న, సోయా కలిపిన జావను స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలే వండుతారు. ఇలా పని ఏమిటో, ఎక్కడ జరుగుతుందో విద్యార్థులు తమ మాటల్లో చెప్పగలిగే సంస్థను ఎంచుకోవడం మంచిది. దాని రిజిస్ట్రేషన్ నంబరును ఇంగ్లండ్, వేల్స్‌లలో స్వచ్ఛంద సంస్థలను నియంత్రించే చారిటీ కమిషన్ జాబితాలోనూ, స్కాట్లాండ్‌లో అక్కడి నియంత్రణ సంస్థ జాబితాలోనూ సరిచూసుకోవాలి. పాత బట్టలు, బొమ్మలు పంపుదామనే ఆలోచన సాధారణంగా వస్తుంది గానీ, రవాణా ఖర్చును లెక్కవేస్తే డబ్బు పంపడమే చాలాసార్లు ఎక్కువ ఉపయోగకరం.

తరువాత హెడ్ టీచర్ అనుమతి తీసుకుని, బాధ్యత వహించే ఒక ఉపాధ్యాయుడిని కోరాలి. బడి మైదానంలోనే చుట్లు తిరిగేలా ఏర్పాటు చేస్తే రోడ్డు భద్రత చిక్కులు ఉండవు. చుట్టుకు ఇంత అని ఒప్పుకున్న దాత, ఉత్సాహవంతుడైన పిల్లవాడి వల్ల ఇబ్బందిపడకుండా, గరిష్ఠ మొత్తాన్ని కూడా ముందే రాయించుకోవాలి.

అసలు జాగ్రత్త అంతా ఫారం నింపడంలోనే ఉంది. బ్రిటన్‌లో ఆదాయపు పన్ను చెల్లించే వ్యక్తి ఇచ్చిన ప్రతి పౌండుకు, గిఫ్ట్ ఎయిడ్ అనే పన్ను రాయితీ పథకం కింద ప్రభుత్వం నుంచి మరో 25 పెన్నీలను సంస్థ పొందవచ్చు. దాతకు అదనపు ఖర్చు ఉండదు. అందుకు దాత తన పూర్తి పేరు, ఇంటి చిరునామా, పోస్ట్‌కోడ్ రాసి, గిఫ్ట్ ఎయిడ్ గడిలో స్వయంగా టిక్కు పెట్టాలి. మొత్తం, చెల్లించిన తేదీ కూడా ఉండాలి. ఆ ఏడాది తాను కట్టిన పన్ను, తన విరాళాలపై సంస్థలు ప్రభుత్వం నుంచి కోరే మొత్తానికి తగ్గకుండా ఉంటేనే దాత టిక్కు పెట్టాలి. కాబట్టి గుంటూరు నుంచి మనవలను చూడటానికి వచ్చి, బ్రిటన్‌లో పన్ను కట్టని తాతగారు ఇరవై పౌండ్లు సంతోషంగా ఇవ్వవచ్చు గానీ ఆ గడిని ఖాళీగా వదలాలి. భార్యాభర్తలిద్దరి పేర్లూ ఒకే వరుసలో కలిపి రాయకూడదు. కేకుల అమ్మకంలో వచ్చిన సొమ్ముకు ఈ వెసులుబాటు వర్తించదు, ఎందుకంటే అక్కడ కొన్నవారికి బదులుగా వస్తువు దక్కుతుంది. సంస్థ ఇచ్చిన ఫారాన్నే వాడితే అవసరమైన ప్రకటన అందులోనే అచ్చయి ఉంటుంది.

విరాళాలను బంధువులు, తెలిసినవారి వద్దే అడగాలి. వీధిలో డబ్బా పట్టుకుని వసూలు చేయడానికి సాధారణంగా స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి, అది పిల్లలకు అప్పగించే పని కూడా కాదు. పోస్టర్లలో దీనంగా చూస్తున్న పిల్లల బొమ్మలకు బదులు, డబ్బు దేనికి ఖర్చవుతుందో రాయడం గౌరవంగా ఉంటుంది. ఎవరు ఎక్కువ తెచ్చారో తరగతిలో ప్రకటించడం మాత్రం వద్దు. స్తోమత లేని కుటుంబాల పిల్లలు దానివల్ల చిన్నబోతారు.

నగదు వచ్చినప్పుడు ఇద్దరు పెద్దలు కలిసి లెక్కపెట్టి, ప్రతి కవరును ఫారంతో సరిచూసి, ఎవరి సొంత ఖాతాకూ మళ్లించకుండా బడి ద్వారా నేరుగా సంస్థకు పంపాలి. అసలు ఫారాలనూ జతచేసి రసీదు తెప్పించుకుని, చేరిన మొత్తాన్ని దాతలకు తెలియజేయాలి. ఆ ఫారాల్లో ఇళ్ల చిరునామాలు ఉంటాయి కాబట్టి వాటిని నోటీసు బోర్డు మీద పెట్టకూడదు, నకళ్లు తీసి పంచకూడదు.